చిన్న ఊరి ఫిజియో క్లినిక్: పేషెంట్లు మధ్యలో ఎందుకు మానేస్తారు, మెషిన్ కొంటే ఆగుతారా

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: పెద్దాసుపత్రిలో కొన్నేళ్లు పనిచేసి, చిన్న ఊళ్లో సొంతంగా ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టుకున్నారు. వచ్చినవాళ్లు నాలుగైదు సిట్టింగులకే మానేస్తున్నారు. అందరూ "కరెంట్ పెట్టండి" అంటున్నారు, అంటే నొప్పి ఉన్నచోట మెషిన్‌తో కరెంట్ ఇవ్వమని, వ్యాయామం చెబితే వినడం లేదు. అప్పు చేసి లేజర్ మెషిన్ కొంటే జనం నిలబడతారా, లేకపోతే మూసేసి మళ్లీ ఉద్యోగానికి వెళ్లిపోవడం మంచిదా అని మీ సందేహం.

నేను చాలా ఏళ్లుగా ఇలాంటి ఊళ్లోనే క్లినిక్ నడుపుతున్నాను. జవాబు ముందే చెప్పేస్తా: మెషిన్ కొనకండి, క్లినిక్ మూయకండి. పెద్దాసుపత్రిలో పేషెంట్ గేటు దాటాడంటే మళ్లీ మనకు కనిపించడు. ఆయన మెట్లు ఎక్కుతున్నాడో, మంచం పట్టాడో మనకు తెలిసే దారి లేదు. చిన్న ఊళ్లో అలా కాదు. మీ దగ్గర వైద్యం చేయించుకున్న మనిషి రోజూ మీ కళ్ల ముందే నడుస్తుంటాడు, ఊరందరూ చూస్తుంటారు. కుంటుతూ నడిచినా మీ ఖాతాలోనే, నిటారుగా నడిచినా మీ ఖాతాలోనే. క్లినిక్ మొత్తాన్ని ఈ ఒక్క విషయం చుట్టూ అమర్చుకుంటే మీరు చెప్పిన ఇబ్బందుల్లో చాలావరకు సర్దుకుంటాయి.

ముందు మానేసేవాళ్ల సంగతి. వాళ్లు నొప్పి కోసం వచ్చారు, నొప్పి తగ్గింది, మానేశారు. వాళ్ల లెక్క వాళ్లకు సరిగ్గానే ఉంది. మొదటి రోజు మీ కాగితం మీద "మోకాలి నొప్పి, పదికి ఏడు" అని మాత్రమే రాసి ఉంటే, అది మూడుకు దిగిన రోజున వైద్యం అయిపోయినట్టే కదా. తొడ కండరంలో ఇంకా బలం రాలేదని, రెండు నెలల్లో అదే నొప్పి తిరిగొస్తుందని మీకు తెలుసు. ఆ మాట మీ తలలో ఉంది, ఆయన కాగితం మీద లేదు. అందుకే నొప్పి పక్కన ఒక పని రాయండి. ఏ పని అన్నది పేషెంటే చెప్పాలి. "మోకాలు బలపడాలి" అంటే అది పని కాదు. "రెయిలింగ్ పట్టుకోకుండా మేడ మీదికి వెళ్లాలి", "మనవడిని ఎత్తుకుని నిలబడాలి", "పొలం గట్టు మీద నడవాలి" అంటే పని. అది నెరవేరేదాకా వైద్యం నడుస్తున్నట్టే అని మొదటి రోజే ఇద్దరూ ఒప్పుకోవాలి.

తర్వాత కొలవండి. దీనికి ఖరీదైన సరంజామా ఏమీ అక్కర్లేదు. చేతులు లేని గట్టి కుర్చీ ఒకటి, సీటు ఎత్తు 43 సెంటీమీటర్లు ఉండేది గోడకు ఆనించి పెట్టండి. పేషెంట్ చేతులు రెండూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 70 నుంచి 74 ఏళ్ల మధ్యవాళ్లలో మగవాళ్లకు 12 కన్నా, ఆడవాళ్లకు 10 కన్నా తక్కువ వస్తే కాళ్లలో బలం తగ్గిందని, పడిపోయే ప్రమాదం ఉందని అర్థం. ఇంకొకటి, కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడం. 1991 నుంచి వాడుకలో ఉన్న పరీక్ష ఇది. 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే జాగ్రత్త పడాలి. వచ్చిన అంకెను పేషెంట్ కార్డు మీద పెద్ద అక్షరాలతో రాసి ఆయన చేతికే ఇవ్వండి, మీ ఫైల్లో దాచుకోవద్దు. మా క్లినిక్ బయట బెంచీ మీద జరిగే సంభాషణలు వింటే నాకు నవ్వొస్తుంది. ఒకప్పుడు "నీకెన్ని కరెంట్లు పెట్టారు" అని ఒకరినొకరు అడిగేవాళ్లు. ఇప్పుడు "నాకు తొమ్మిదొచ్చింది, నీకెంత" అంటున్నారు. తొమ్మిది వచ్చినాయన పదకొండు తెచ్చుకునేదాకా ఊరుకోడు, పక్కింటాయనకు పదొచ్చిందని తెలిస్తే అసలే ఊరుకోడు.

ఎన్నాళ్లు పడుతుందో కూడా మొదటి రోజే చెప్పాలి. వ్యాయామం మొదలుపెట్టిన రెండు మూడు వారాల్లో వచ్చే బలం ఎక్కువగా నరాలది. ఉన్న కండరాన్నే మెదడు బాగా వాడుకోవడం నేర్చుకుంటుంది. కండ నిజంగా పెరిగినట్టు కనిపించడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. సరిగ్గా ఈ రెంటి మధ్యలోనే మీ పేషెంట్లు మానేస్తున్నారు. భుజం బిగుసుకుపోయినవాళ్ల విషయంలో ఇది మరీ ముఖ్యం. చొక్కా చేతిలో చెయ్యి దూర్చలేకపోవడం, మోచెయ్యి పక్కకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పలేకపోవడం, రాత్రి ఆ వైపు తిరిగి పడుకోలేకపోవడం, ఇవన్నీ కలిస్తే ఫ్రోజెన్ షోల్డర్ అనుకోవాలి. అది తగ్గడానికి ఏడాది పైనే పట్టొచ్చు, రెండేళ్లు పట్టినవాళ్లూ ఉన్నారు. "పది రోజుల్లో చెయ్యి పైకి లేస్తుంది" అని చెబితే పదకొండో రోజున మీ మాట పోతుంది. "నెమ్మదిగా వస్తుంది, కానీ వస్తుంది, ఈ నెల నొప్పి తగ్గించుకుందాం, కదలిక సంగతి ఆ తర్వాత చూద్దాం" అని చెబితే ఎవరూ పారిపోరు. షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ వస్తుంది కాబట్టి ఈ ఫిర్యాదుతో వచ్చినవాళ్లను షుగర్ పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారని తప్పక అడగండి. తమకు షుగర్ ఉందని ఫిజియో దగ్గరికి వచ్చాకే తెలుసుకున్నవాళ్లను నేను చూశాను.

ఇక కరెంట్. నడుము నొప్పికి అల్ట్రాసౌండ్ (ధ్వని తరంగాలతో చేసే వైద్యం), టెన్స్, ఐఎఫ్‌టీ (ఈ రెండూ చర్మం మీంచి కరెంట్ ఇచ్చే పద్ధతులు), ట్రాక్షన్ (నడుమును లాగి ఉంచడం), నడుము బెల్టు ఇవేవీ ఇవ్వొద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2016లోనే చెప్పింది. మన క్లినిక్కుల్లో సగం గది ఆక్రమించేవి అవే కదా. మీరు కొనాలనుకుంటున్న లేజర్ ఆ జాబితాలో లేదు, నిజమే. కానీ దాని కింద కూడా పేషెంట్ చేసేది కదలకుండా పడుకోవడమే. మెషిన్ కోసం వచ్చినవాడు ఇంకో మెషిన్ కోసం పక్క ఊరికి వెళ్తాడు. అప్పు మాత్రం మీ దగ్గరే ఉంటుంది. ఆ వాయిదా కట్టడానికి అవసరం లేనివాళ్లకు కూడా సిట్టింగులు రాయాల్సి వస్తుంది. చిన్న ఊళ్లో అది దాగదు.

అలాగని కరెంట్ అడిగినవాళ్లను చిన్నబుచ్చకండి. నొప్పితో ఉన్న మనిషికి పది నిమిషాలు వెచ్చగా, హాయిగా అనిపిస్తే తప్పేం లేదు. నేను వరస మాత్రం మార్చాను. ముందు వ్యాయామం, కాపడం గానీ టెన్స్ గానీ చివర్లో. ముందే పెడితే అది అవ్వగానే చెప్పులు వేసుకుంటారు. కాపడం పెట్టే ముందు ఒకటి మాత్రం మర్చిపోవద్దు. షుగర్ ఉన్నవాళ్లకు, నరాల స్పర్శ తగ్గినవాళ్లకు వేడి తెలియదు. రెండు గాజు గొట్టాల్లో గోరువెచ్చని నీళ్లు, చల్లని నీళ్లు పోసి, కళ్లు మూసుకోమని, ఏది ఏదో చెప్పమనండి. చెప్పలేకపోతే అక్కడ కాపడం వద్దు. గుండెకు పేస్‌మేకర్ ఉందా అని అడక్కుండా కరెంట్ జోలికి అసలే పోవద్దు.

డబ్బు పెట్టాలనుకుంటే ఎత్తు పెంచి దించుకునే మంచం కొనండి. అది పేషెంట్ కన్నా ముందు మీ నడుమును కాపాడుతుంది. ఆ తర్వాత కాలికి కట్టే వెయిట్ కఫ్‌లు, రబ్బరు బ్యాండ్లు, పట్టుకుని నడిచే రెండు కడ్డీలు, నిలువెత్తు అద్దం, ఒక మెట్టు చాలు. మంచం అంటే గుర్తొచ్చింది. న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియో దగ్గరికి 1956లో నడుము నుంచి కాలిదాకా నొప్పితో ఒకాయన వచ్చాడు. బోర్లా పడుకోమంటే, అంతకుముందు పేషెంట్ కోసం తలవైపు ఎత్తి వదిలేసిన మంచం మీదే పడుకున్నాడు. మెకెంజీ వచ్చి చూసేసరికి నడుము వెనక్కి విల్లులా వంగి ఉంది. అప్పట్లో అది చేయకూడని భంగిమ. కానీ ఆ పేషెంట్ తన కాలి నొప్పి పోయిందన్నాడు. ఆ రోజు మెకెంజీ కంగారుపడి మంచం దించేసి మర్చిపోలేదు, జరిగినదాన్ని పట్టుకుని మిగతావాళ్లలోనూ గమనించడం మొదలుపెట్టాడు. కాలిలో ఉన్న నొప్పి పైకి, నడుము మధ్యకు జరిగితే మంచి గుర్తు అని మనం ఇవాళ చూసుకునేది అక్కడి నుంచి వచ్చిందే. పేషెంట్ చెప్పిన మాటను పట్టించుకోవడం ఎంత చిన్న క్లినిక్‌లోనైనా కుదురుతుంది.

నడుము నొప్పితో వచ్చేవాళ్లలో చాలామంది ప్లాస్టిక్ కవర్లో ఎమ్మారై పెట్టుకుని వస్తారు. నొప్పి కన్నా ఆ రిపోర్టు వాళ్లను ఎక్కువ బాధపెడుతుంది. "డిస్క్ జారింది, అరుగుదల వచ్చింది, ఇక బరువెత్తకూడదట." ఏ నొప్పీ లేనివాళ్లకు తీసిన స్కానింగులను కలిపి చూసిన ఒక సమీక్ష 2015లో వచ్చింది. నొప్పి లేని 20 ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది, 80 ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి. డిస్క్ ఉబ్బు కూడా 20 ఏళ్లకు 30 శాతం, 80 ఏళ్లకు 84 శాతం. నేను ఈ అంకెలు పేషెంట్‌కు చెబుతాను, ఆపై "తల నెరిసినట్టే లోపల ఇదీ వస్తుందండీ" అంటాను. స్కానింగ్ రాసిన డాక్టర్‌ను మాత్రం పల్లెత్తు మాట అనను. ఆయనా ఈ ఊళ్లోనే ఉంటాడు, రేపు నాకు ఆయన అవసరం ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. మీ పేషెంట్ వారంలో మీ దగ్గర గడిపేది రెండు మూడు గంటలు. మిగతా టైమంతా ఇంట్లో. కాబట్టి వైద్యం చేసేది ఇంట్లోవాళ్లే, మీరు నేర్పించేవాళ్లు. పక్షవాతం వచ్చినవాళ్ల ఇంటికి ఒకసారి వెళ్లి చూస్తే నేను చెప్పేది మీకే అర్థమవుతుంది. కొడుకు ఎంతో ప్రేమగా, పడిపోయిన చేతిని పట్టుకుని నాన్నను మంచం మీంచి లేపుతుంటాడు. భుజం కీలును ప్రధానంగా నిలబెట్టేవి దాని చుట్టూ ఉన్న కండరాలు. అవి చచ్చుబడితే చెయ్యి బరువుకే కీలు కిందికి జారుతుంది. భుజం ఎముక అంచు కింద వేలు పెట్టి చూస్తే సందు తెలుస్తుంది. అలాంటి చేతిని రోజుకు పదిసార్లు లాగితే రెండు వారాల్లో భుజం నొప్పి మొదలవుతుంది. ఆ నొప్పికి భయపడి ఆయన వ్యాయామమే మానేస్తాడు. లేపేటప్పుడు నడుము దగ్గర, లేదా నడుముకు కట్టిన బెల్టు దగ్గర పట్టుకోవాలి. కూర్చున్నప్పుడు చెయ్యి కింద దిండు ఉండాలి. చొక్కా తొడిగేటప్పుడు ముందు పడిపోయిన చెయ్యి, విప్పేటప్పుడు ముందు బాగున్న చెయ్యి. ఈ మాటలు కొడుకుతో చెప్పి ఊరుకుంటే లాభం లేదు, మీ ముందే రెండుసార్లు చేయించాలి. రాత్రి బాత్రూంకు తీసుకెళ్లేది కోడలైతే ఆవిడనే క్లినిక్‌కి రమ్మనండి. బండి మీద దింపి వెళ్లే అల్లుడికి నేర్పితే ఎవరికీ ఉపయోగం లేదు.

మోకాలి మార్పిడి ఆపరేషన్ అయినవాళ్ల ఇళ్లలో ఇంకొకటి కనిపిస్తుంది. మోకాలి కింద మెత్తటి దిండు. హాయిగా ఉంటుంది, అందుకే పెడతారు. వారాల తరబడి అలాగే ఉంటే మోకాలు వంగిన చోటే బిగుసుకుంటుంది, పూర్తిగా చాపలేరు. అందరూ "ఎంత వంగింది" అనే అడుగుతారు. మెట్లకు 80 పైచిలుకు డిగ్రీలు, కుర్చీలోంచి లేవడానికి 90 పైచిలుకు కావాలి కాబట్టి వంగడం ముఖ్యమే. కానీ చాపలేని మోకాలితో ప్రతి అడుగూ బరువే, తొడ కండరం ఊరికే అలసిపోతుంది. దిండు తీసేసి, తువ్వాలు చుట్టి మడమ కింద పెట్టించండి.

వ్యాయామాలు ఎన్ని ఇవ్వాలి? రెండు. మహా అయితే మూడు. ఎనిమిది బొమ్మలున్న ప్రింటు కాగితం ఇస్తే అది రిపోర్టుల కవర్లోకి వెళ్లిపోతుంది. నేను వాళ్ల ముందే పెన్నుతో గీతల బొమ్మ గీసి, ఎప్పుడు చేయాలో పక్కన రాస్తాను. "పళ్లు తోముకున్నాక", "టీవీలో వార్తలు వచ్చేటప్పుడు", ఇలా. "రోజుకు మూడుసార్లు" అంటే ఒక్కసారి కూడా చేయరు. మళ్లీ వచ్చినప్పుడు "చేశారా" అని అడగొద్దు, అందరూ చేశామనే అంటారు. "ఒకసారి చేసి చూపించండి" అనండి. చేసినవాళ్లెవరో, చేయనివాళ్లెవరో అర నిమిషంలో తెలుస్తుంది. చేయకపోతే కసరకండి, ఎక్కడ ఆగిపోయిందో కనుక్కోండి. ఒకావిడ ఎన్నిసార్లు చెప్పినా చేయడం లేదు. చివరికి తెలిసింది ఏమిటంటే ఆ వ్యాయామం పడుకుని చేసేది, పగటిపూట పడుకుంటే అత్తగారు ఏమనుకుంటారోనని ఆవిడ భయం. నిలబడి చేసేది ఇచ్చాను. సమస్య తీరింది.

పెద్దవాళ్లు పడిపోవడం గురించి మీరు అడగలేదు గానీ చిన్న ఊరి క్లినిక్‌కి ఇంతకు మించిన పని లేదని నా అభిప్రాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 65 ఏళ్లు దాటినవాళ్లలో ఏటా 28 నుంచి 35 శాతం మంది పడిపోతున్నారు. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంవాళ్లు రూపొందించిన పద్ధతి ఒకటుంది. ఫిజియో గానీ నర్సు గానీ కొన్నిసార్లు ఇంటికి వెళ్లి నేర్పుతారు. మిగతాదంతా ఆ పెద్దాయన సొంతంగా చేసుకోవడమే. కాలికి బరువు కట్టుకుని చేసే బలం వ్యాయామాలు, నిలకడ వ్యాయామాలు వారానికి మూడుసార్లు, వాటికి తోడు నడక. నాలుగు అధ్యయనాలు కలిపి చూస్తే పడిపోవడాలు దాదాపు 35 శాతం తగ్గాయి. ఏ మెషినూ లేదు ఇందులో. ఇంటికి వెళ్లినప్పుడు మంచం ఎత్తు, బాత్రూం గడప, రాత్రి లైటు స్విచ్ ఎక్కడుందో కూడా చూసి రండి. కింద పడ్డాక ఎలా లేవాలో కూడా నేర్పండి. పక్కకు దొర్లి, మోచేతి మీద లేచి, మోకాళ్ల మీదికి వచ్చి, కుర్చీ పట్టుకుని నిలబడటం. ఇది తెలియక గంటలకొద్దీ నేల మీదే ఉండిపోయినవాళ్లున్నారు.

ఇంట్లోవాళ్ల ప్రేమ కూడా ఒక్కోసారి అడ్డు వస్తుంది. జ్వరం వచ్చి లేచిన పెద్దావిడను "నువ్వు కదలకమ్మా, అన్నీ మేం చూసుకుంటాం" అని మంచం మీదే ఉంచుతారు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను పది రోజులు మంచం దిగనీయకుండా పడుకోబెట్టి చూసిన ఒక పరిశోధన 2007లో వచ్చింది. ఆ పది రోజుల్లోనే కాళ్లలో దాదాపు ఒక కిలో కండ కరిగిపోయింది. జబ్బు చేసినవాళ్ల సంగతి ఇక వేరే చెప్పాలా? ఈ ముక్క చెబితే కొడుకులూ కూతుళ్లూ వెంటనే దారికొస్తారు.

అందరూ అందరికీ తెలిసిన ఊళ్లో గుట్టు కాపాడటం కష్టం. "ఫలానా ఆయన వస్తున్నాడటగా, ఏమైంది" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. "ఆయన్నే అడగండి" అని నవ్వేసి వదిలేయండి. అడిగినవాళ్లకు కోపం రాదు, తమ సంగతి కూడా ఇలాగే దాస్తారన్న ధైర్యం వస్తుంది. ఒంటి మీద చెయ్యి వేసే వృత్తికి పేరు ఎంత ముఖ్యమో మన వృత్తి మొదలైనప్పుడే తేలిపోయింది. 1894లో లండన్‌లో మసాజ్ పేరుతో నడిచే చెడ్డ దందాల వల్ల తమకూ మచ్చ వస్తోందని నలుగురు నర్సులు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. డాక్టర్ చెబితేనే వైద్యం చేయాలి, వైద్య పత్రికల్లో తప్ప ప్రకటనలు ఇవ్వకూడదు, పేషెంట్లకు మందులు అమ్మకూడదు అని నియమాలు రాసుకున్నారు. బ్రిటన్ ఫిజియోల సంఘం పుట్టింది అందులోంచే. మనకు ఇప్పుడు అన్ని కట్టుబాట్లు అక్కర్లేదు గానీ గదిని విడదీసే మందపాటి కర్టెన్, లోపల మాట్లాడింది బయటికి వినిపించని ఒక చిన్న గది, ఆడవాళ్లకు తోడుగా ఇంకో ఆడమనిషి మాత్రం ఉండాలి. ముట్టుకునే ముందు ఎక్కడ, ఎందుకు ముట్టుకుంటున్నామో చెప్పాలి.

ఆ చిన్న గది ఇంకొకందుకు కూడా పనికొస్తుంది. కాన్పుల తర్వాత దగ్గినా తుమ్మినా మూత్రం జారిపోయే ఇబ్బంది చాలామందికి ఉంటుంది. ఎవరూ నోరు తెరిచి చెప్పరు, వయసు వల్లేననుకుని సర్దుకుపోతారు. నడుము నొప్పికో మోకాళ్లకో వచ్చినప్పుడు, చివర్లో, ఒంటరిగా ఉన్నప్పుడు ఆడ ఫిజియో గానీ తోడున్న ఆవిడ గానీ ఒక్క ప్రశ్న అడిగితే చాలు. కటి కండరాల (పొత్తికడుపు అడుగున ఉండి మూత్రాన్ని ఆపి ఉంచే కండరాల) వ్యాయామం దీనికి మొదటి వైద్యం. ఒక్కోసారికి కనీసం ఎనిమిది బిగింపులు, రోజుకు మూడుసార్లు, కనీసం మూడు నెలలు. ముందు సరైన కండరమే బిగిస్తున్నారో లేదో తేల్చుకోవాలి, అది మీకు రాకపోతే నేర్చుకుని రండి. లేజర్ మెషిన్‌కి పెట్టే డబ్బులో కొంత ఈ శిక్షణకు పెడితే మీ ఊళ్లో సగం మందికి మేలు.

మీరు పట్టుకోకూడని కేసులను వెంటనే పంపేయడం కూడా ఈ ఊళ్లో మీ పేరే. నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోవడం, తెలియకుండానే జారిపోవడం, తొడల మధ్య, మలద్వారం చుట్టూ మొద్దుబారడం ఉంటే ఆ రోజే పెద్దాసుపత్రికి పంపండి, మంచం ఎక్కించవద్దు. ఆపరేషన్ అయిన కొత్తలో ఒక పిక్క మాత్రమే వాచి, వెచ్చగా ఉండి, నొప్పి పెడితే అది రక్తం గడ్డ కావచ్చు. అక్కడ మర్దన చేస్తే ప్రాణం మీదికి రావచ్చు. కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రుళ్లు నిద్రపట్టనివ్వని నొప్పి, జ్వరం, గతంలో క్యాన్సర్, ఇవి వినిపిస్తే ఆగండి. పంపేటప్పుడు ఏం చూశారో, ఏం అనుమానిస్తున్నారో ఒక కాగితం మీద నాలుగు లైన్లు రాసి ఇవ్వండి. డాక్టర్లు మనల్ని గుర్తుపెట్టుకునేది ఆ నాలుగు లైన్ల వల్లే. కమిషన్ ఊసు ఎవరైనా ఎత్తితే అక్కడితో ఆపేయండి.

ఆటలాడే పిల్లలు కూడా వస్తారు. మోకాలి లిగమెంట్ ఆపరేషన్ అయిన కుర్రాడు నాలుగో నెలకే మైదానంలోకి వెళ్తానంటాడు, కోచ్ కూడా తొందరపెడతాడు. 2016లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం తొమ్మిది నెలలదాకా ఆట వాయిదా వేసిన ప్రతి నెలకూ మళ్లీ దెబ్బ తగిలే అవకాశం దాదాపు సగానికి తగ్గింది. ఆ మాట కుర్రాడితో కాదు, కోచ్‌తో చెప్పండి.

ఫీజుల విషయంలో నా అలవాటు ఒక్కటే. వైద్యం అయిపోయినవాళ్లకు "ఇక మీరు రావక్కర్లేదు" అని నేనే చెబుతాను. మొదట్లో ఆదాయం పోతుందనే భయం ఉంటుంది. కానీ అలా చెప్పించుకున్న మనిషి ఆ మాట ఊళ్లో కనీసం పదిమందికి చెబుతాడు. పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్లనూ, పడిపోతామని భయపడే పెద్దవాళ్లనూ మాత్రం వారానికి ఒకసారి అందరినీ కలిపి పిలుస్తాను, తక్కువ రుసుముకు. కుర్చీలు వరసగా వేసి నిలకడ వ్యాయామాలు చేయిస్తే, నేను చెప్పినదానికన్నా పక్క కుర్చీలో ఆయన చేసింది చూసి ఎక్కువ చేస్తారు.

ఇక లోన్ కాగితాలు పక్కన పెట్టి ఈ వారం ఒక పని చేయండి. మీ రిజిస్టర్ తీసి మధ్యలో మానేసినవాళ్లకు వరసగా ఫోన్ చేయండి. "ఎందుకు మానేశారు" అని అడగొద్దు, మొహమాటపడి ఏదో ఒకటి చెప్పి పెట్టేస్తారు. "ఇప్పుడు మెట్లు ఎలా ఎక్కుతున్నారు, రాత్రి నిద్ర పడుతోందా" అని అడగండి. బాగున్నామన్నవాళ్లను వదిలేయండి. ఇంకా కష్టంగానే ఉందన్నవాళ్లను ఫీజు లేకుండా ఒకసారి రమ్మని, ఆ కుర్చీలో కూర్చోబెట్టి, 30 సెకన్లు లెక్కపెట్టి, అంకె కార్డు మీద రాసి ఇవ్వండి. ఆ రోజు కరెంట్ ఆన్ చేయొద్దు. ఏం జరిగిందో మళ్లీ రాయండి, దాన్ని బట్టి మిగతాది మాట్లాడుకుందాం.